ఎంఐటీలో చదివిన వడ్రంగి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి తన కొడుకు రఫ్ నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. వెనక పేజీ నుంచి మొదలుపెట్టి దాదాపు ఇరవై పేజీల నిండా కుర్చీల బొమ్మలు. ఒక్కో కుర్చీని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీశాడు. పక్కన అంగుళాల్లో కొలతలు కూడా వేశాడు. నాకు ముచ్చటేసింది. ఆ తండ్రికి మాత్రం కోపంగా ఉంది.

వాళ్ళ నాన్నగారు వడ్రంగి అట. జన్మంతా చిత్రిక పట్టి అరచేతులు కాయలు కాశాయట. ఆ సంపాదనతో ఈయన డిప్లొమా చదివారు. ఈయన సంపాదనతో ఇప్పుడు అబ్బాయి మన స్కూల్లో చదువుతున్నాడు. ఇంత కష్టపడి రెండు తరాలు ముందుకొస్తే, మూడో తరం మళ్ళీ ఉలి దగ్గరికే వెళ్తుందా అన్నది ఆయన భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. నాకు వెంటనే జవాబు తోచక, మ్యాథ్స్ మార్కులు బాగానే ఉన్నాయి కదండీ అని మాట మార్చేశాను.

ఇంటికెళ్ళాక గుర్తొచ్చారు జార్జ్ నకషిమా. బి.ఎడ్. పూర్తయిన వేసవిలో స్నేహితురాళ్ళతో పాండిచ్చేరి వెళ్ళినప్పుడు మొదటిసారి ఆయన పేరు విన్నాను. ఒక కాంక్రీట్ భవనం బయట నిలబడి దాని పేరు అడిగితే గోల్కొండ అని చెప్పారు. మన గోల్కొండ ఇక్కడెందుకుంది అని ఆశ్చర్యపోయి చదవడం మొదలుపెడితే ఈయన కథ దొరికింది. ఫర్నిచర్ ప్రపంచంలో ఆయన పేరు తెలియనివారు ఉండరు. మన ఇళ్ళలో మాత్రం ఆయన గురించి తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నెల మీతో ఆయన జీవితం పంచుకుంటున్నాను.

అడవిలో నడిచిన పిల్లవాడు

నకషిమా 1905 మే 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు జపాన్ నుంచి వలస వచ్చినవారు. ఇంట్లో జపనీస్ సంస్కారం, బయట అమెరికన్ బడి. ఇవాళ అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలను తలుచుకుంటే ఆ బాల్యం ఎలా ఉండేదో మీరు సులభంగానే ఊహించగలరు.

ఆ ప్రాంతం నిండా పెద్ద పెద్ద అడవులు. స్కౌట్స్‌లో చేరిన ఆ అబ్బాయి కొండలెక్కుతూ, చెట్ల కింద పడుకుంటూ పెరిగాడు. స్కౌట్స్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన ఈగిల్ స్కౌట్ దాకా వెళ్ళాడు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మొదట చేరింది కూడా అడవుల చదువులోనే. కొంతకాలం తర్వాత ఆర్కిటెక్చర్‌కి మారాడు. మధ్యలో ఒక స్కాలర్‌షిప్ మీద ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోకి వెళ్ళి చదివి వచ్చాడు. డిగ్రీ అయ్యాక, మన పిల్లల గదుల్లో గోడల మీద పోస్టర్లలో కనిపించే ఎంఐటీలో, మాస్టర్స్ పూర్తి చేశాడు.

ఇక్కడిదాకా ఇది మనందరికీ నచ్చే కథే. వలస వచ్చిన కుటుంబం, తెలివైన కొడుకు, పెద్ద యూనివర్సిటీ. మనం సాధారణంగా ఇక్కడితో పుస్తకం మూసేసి చప్పట్లు కొడతాం. నకషిమా కథ అసలు మొదలయ్యేది ఇక్కడి నుంచే.

కారు అమ్మి టికెట్ కొన్నాడు

ఆయన చదువు పూర్తయ్యేసరికి అమెరికా ఆర్థిక మాంద్యంలో మునిగిపోయి ఉంది. ఉద్యోగం దొరికింది కానీ నిలవలేదు. అప్పుడాయన తన కారు అమ్మి, ఆ డబ్బుతో ప్రపంచమంతా చుట్టి వచ్చే ఓడ టికెట్ కొన్నారు.

మన అబ్బాయో అమ్మాయో ఇలా చేస్తే మనం ఎలా ఉంటామో ఒక్క క్షణం ఆలోచించండి. బంధువులకు ఏం చెప్పుకోవాలో తెలియదు కదూ!

పారిస్‌లో కొంతకాలం చిన్నాచితకా పనులు చేసుకుంటూ బతికారు. ఉత్తర ఆఫ్రికా చూశారు. చివరికి 1934లో తల్లిదండ్రుల దేశమైన జపాన్ చేరారు. టోక్యోలో ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ ఆఫీసులో పని దొరికింది. రేమండ్ చెక్ దేశంలో పుట్టి అమెరికన్ అయినవారు. ఆధునిక కాంక్రీట్ నిర్మాణాన్ని జపాన్ సంప్రదాయ వడ్రంగం పద్ధతులతో కలిపి చూసినవారు. అక్కడి పాత దేవాలయాలను, మేకుల అవసరం లేకుండా కలపలో కలప దిగేలా చేసే అతుకులను నకషిమా దగ్గరగా చూశారు. జున్‌జో యోషిమురా అనే జపాన్ యువకుడు అదే ఆఫీసులో ఆయనకు సహోద్యోగి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పాండిచ్చేరిలో మన గోల్కొండ

అప్పటికి పాండిచ్చేరి ఫ్రెంచి వారి పాలనలో ఉంది. అక్కడి శ్రీ అరవిందాశ్రమంలో సాధకుల కోసం ఒక వసతి గృహం కట్టాలని శ్రీమాత తలపెట్టారు. డిజైన్ బాధ్యత రేమండ్‌కి అప్పగించారు. ఖర్చుకు కావలసిన విరాళం హైదరాబాద్ సంస్థానం నుంచి వచ్చింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ దాన్ని సమకూర్చారు. అందుకు గుర్తుగానే ఆ భవనానికి గోల్కొండ అని పేరు. ఫ్రెంచి ఉచ్చారణలో గోల్కొండ్ అంటారు. ఎక్కడో తమిళనేల మీద, చెక్-అమెరికన్ ఆర్కిటెక్ట్ గీసిన భవనానికి మన కోట పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది.

1937లో పని మొదలైంది. నకషిమా దగ్గరుండి చూసుకోవడానికి పాండిచ్చేరి వచ్చారు. అప్పట్లో మన దేశంలో రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్‌తో ఇలాంటి ఆధునిక భవనం కట్టడమంటే పెద్ద సాహసం. పనిచేసినవారిలో చాలామంది ఆశ్రమంలోని సాధకులే, అనుభవం ఉన్న మేస్త్రీలు కారు. ఆ ఊరి ఎండ, ఉక్కపోత మీకు తెలియనివి కావు. అందుకని భవనం ఉత్తర, దక్షిణ ముఖాల్లో గోడలకు బదులు పై నుంచి కింద దాకా తిప్పుకోగలిగే అడ్డపలకలు పెట్టారు. ఎండ రాకుండా మూయవచ్చు, గాలి రావాలంటే తెరవవచ్చు. గదులకు టేకు తలుపులు. తలుపుల బిడాల్లాంటి ఇత్తడి సామాను కోసం పాత ఇత్తడి పాత్రలు కరిగించి పోత పోశారు. ఎయిర్ కండిషనర్ లేకుండానే చల్లగా ఉండే ఆ భవనాన్ని చూడటానికి ఇప్పటికీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు వెళ్తుంటారు.

నకషిమా ఇక్కడ ఇంజనీరుగా వచ్చి సాధకుడయ్యారు. జీతం వద్దనుకుని ఆశ్రమవాసుల్లో ఒకరిగా చేరిపోయారు. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. అందంలో ఆనందం పొందేవాడు అని అర్థం. ఆ భవనంలోని గదుల కోసమే ఆయన మొదటిసారి ఫర్నిచర్ డిజైన్ చేశారు. అంటే తర్వాతి కాలంలో అమెరికా గర్వపడిన ఒక ఫర్నిచర్ డిజైనర్ తొలి అడుగు పడింది మన దేశంలో, మన టేకు మీద.

ముప్పై ఐదేళ్ళకు మళ్ళీ మొదటి మెట్టు

1939లో పాండిచ్చేరి వదిలి మళ్ళీ జపాన్ చేరారు. అక్కడ మారియన్ ఒకజిమా పరిచయమయ్యారు. ఆమె కూడా అమెరికాలో పుట్టిన జపనీస్ కుటుంబపు అమ్మాయే. యుద్ధ మేఘాలు కమ్ముకుంటుంటే ఇద్దరూ అమెరికా చేరుకుని, 1941లో పెళ్ళి చేసుకున్నారు.

అమెరికా తిరిగొచ్చాక నకషిమా అక్కడి ఆధునిక భవనాలు తిరిగి చూశారు. కాగితం మీద గొప్పగా ఉన్నవి కట్టేటప్పుడు నాసిరకంగా మారుతున్నాయని ఆయనకు అనిపించింది. గీసేది ఒకరు, కట్టేది ఇంకొకరు, మధ్యలో బాధ్యత ఎవరిదీ కాదు. మొదటి గీత నుంచి చివరి పాలిష్ దాకా తన చేతిలోనే ఉండే పని కావాలనుకున్నారు. ఆ పని ఆయనకు వడ్రంగంలో కనిపించింది.

అలా ఎంఐటీ డిగ్రీ, మూడు ఖండాల అనుభవం ఉన్న మనిషి ముప్పై అయిదో ఏట ఆర్కిటెక్చర్ వదిలి సియాటిల్‌లో చిన్న వడ్రంగి షెడ్డు పెట్టారు. చోటుకి అద్దె కట్టే స్తోమత లేదు. ఒక క్రైస్తవ మిషన్ వారి బాలుర క్లబ్ బేస్‌మెంట్‌లో చోటిచ్చారు. బదులుగా అక్కడి పిల్లలకు ఆయన చెక్కపని నేర్పాలి.

టీచర్‌గా నాకు ఈ ఒప్పందం చాలా నచ్చింది.

ముళ్ళకంచె లోపల ఒక గురువు

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. దాంతో పశ్చిమ తీరంలో ఉన్న జపనీస్ మూలాల వారందరినీ ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపులకు తరలించారు. సుమారు 1,20,000 మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టిన అమెరికన్ పౌరులు. వారి మీద నేరారోపణ లేదు, విచారణ లేదు. ముఖం చూసి పంపించారు.

నకషిమా దంపతులకు అప్పటికి కూతురు మీరా పుట్టి కొన్ని వారాలే అయింది. పసిపిల్లతో సహా ముగ్గురినీ ఇడాహో రాష్ట్రంలోని మినిడోకా క్యాంపుకి పంపారు. ఎడారి లాంటి చోటు. తారు కాగితం కప్పిన చెక్క బ్యారక్‌లు, దుమ్ము, చలి, చుట్టూ ముళ్ళకంచె. కష్టపడి పెట్టుకున్న షెడ్డు పోయింది. చదువు, డిగ్రీ ఏవీ కాపాడలేదు.

అక్కడ ఆయనకు గెంటారో హికోగావా అనే మనిషి తారసపడ్డారు. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో వడ్రంగం నేర్చుకుని వచ్చిన పనివాడు. ఎంఐటీ పట్టభద్రుడు ఆయన దగ్గర శిష్యుడిగా చేరారు. జపనీస్ రంపం ఎలా పట్టాలి, ఉలిని ఎలా సానపట్టాలి, అతుకు వెంట్రుక దూరనంత బిగువుగా ఎలా కుదర్చాలి, అన్నీ ఓపికగా నేర్చుకున్నారు. మంచి కలప ఎక్కడిది? బ్యారక్‌లు కట్టగా మిగిలిన చెక్క ముక్కలు, ఎడారిలో పెరిగే వంకర టింకర పొదల కొమ్మలు, అవే ముడిసరుకు. ఉన్నదాంట్లోంచే అందం తీయడం ఆయనకు అక్కడ అలవాటైంది. తర్వాత జీవితమంతా అదే ఆయన సంతకమైంది.

మీ పిల్లలు హిస్టరీ పాఠంలో రెండో ప్రపంచ యుద్ధం చదివేటప్పుడు ఈ క్యాంపుల గురించి కూడా మాట్లాడండి. అమెరికా ప్రభుత్వం 1988లో చట్టం చేసి, అప్పటికి బతికున్న ప్రతి బాధితుడికీ క్షమాపణ చెప్పి 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. అప్పటికి నకషిమాకి ఎనభై మూడేళ్ళు.

కోళ్ళ ఫారం నుంచి వర్క్‌షాప్ దాకా

1943లో పాత యజమాని రేమండ్ పూచీ ఇవ్వడంతో ఆ కుటుంబం క్యాంపు నుంచి బయటపడింది. రేమండ్‌కి పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ అనే ఊళ్ళో వ్యవసాయ క్షేత్రం ఉంది. అక్కడ నకషిమా చేసిన పని కోళ్ళకు మేత వేయడం, షెడ్లు శుభ్రం చేయడం. మన దేశంలో చారిత్రక భవనం కట్టించిన ఆర్కిటెక్టుకి దొరికిన పని అది.

ఆయన దాన్ని అవమానంగా తీసుకోలేదు. ఖాళీ సమయంలో కుర్చీలు, బల్లలు చేయడం మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక అదే ఊళ్ళో మూడెకరాల స్థలం సంపాదించారు. డబ్బు పెట్టి కొనలేదు, పని చేసి తీర్చుకున్నారు. మొదట్లో కుటుంబమంతా డేరాలో ఉంది. ముందు వర్క్‌షాప్ కట్టుకున్నారు, తర్వాతే ఇల్లు. ఆ నేలలో దొరికిన రాళ్ళనే గోడలకు వాడారు.

అప్పటి అమెరికాలో ఫర్నిచర్ రంగం పరుగులు పెడుతోంది. ఇప్పుడు మనం మిడ్‌సెంచరీ మోడర్న్ అని పిలిచే శైలి అప్పుడే రూపు దిద్దుకుంటోంది. చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు ప్లైవుడ్‌ని వంచి, ఫైబర్‌గ్లాస్‌ని పోత పోసి కుర్చీలు చేస్తున్నారు. ఈరో సారినెన్ ఒంటికాలి కుర్చీలు గీస్తున్నారు. మన ఆఫీసుల్లో, కేఫ్‌లలో ఇవాళ కనిపించే చాలా కుర్చీలకు మూలం వారి డిజైన్లే. అందరి చూపూ ఫ్యాక్టరీ వైపు. నకషిమా కూడా నోల్ కంపెనీ కోసం ఒక కుర్చీ డిజైన్ చేశారు, 1950ల చివర్లో విడికాంబ్ అనే ఫర్నిచర్ కంపెనీకి ఒక శ్రేణి గీసిచ్చారు. కానీ మనసు మాత్రం చెట్టు దగ్గరే ఉండిపోయింది.

పగులును దాచని పనితనం

ఆయన పద్ధతి ఎలాంటిదో కాస్త వివరంగా చెప్తాను.

మామూలుగా సామిల్లులో దుంగను చదరంగా కోసి, వంకర అంచులు తీసేసి, ముడులున్న ముక్కలు పక్కన పడేస్తారు. నకషిమా దుంగను మొత్తంగా కొనేవారు. కోసేటప్పుడు స్వయంగా పక్కనే నిలబడి, ఏ వైపు నుంచి కోయాలో, ఎంత మందం ఉండాలో చెప్పేవారు. వజ్రం కోయడంతో సమానం ఆ నిర్ణయం. ఒక్క తప్పు కోత పడితే రెండు మూడు వందల ఏళ్ళు పెరిగిన చెట్టు వృథా అయిపోతుంది. కోసిన పలకలను చెట్టులో ఉన్న వరుసలోనే పేర్చి, మధ్యలో బద్దలు పెట్టి, గాలికి ఏళ్ళ తరబడి ఆరబెట్టేవారు. తొందరపడి పచ్చి చెక్కతో చేస్తే తర్వాత వంగిపోతుందని మన తాతలకూ తెలుసు.

అలా ఆరిన పలక కోసం తగిన మనిషి వచ్చేదాకా ఆగేవారు. బల్ల కావాలని ఎవరైనా వస్తే షెడ్డులోకి తీసుకెళ్ళి పలకలు చూపించి, వారి ఇల్లు, కుటుంబం, అవసరం అడిగి తెలుసుకునేవారు. ఆ తర్వాతే పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీసేవారు. కొన్నవారి పేరు ఆ బల్ల అడుగున రాసేవారు.

చెట్టు అంచు సహజంగా ఎలా ఉంటే అలాగే ఉంచేవారు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ ఫర్నిచర్ షోరూముల్లో లైవ్ ఎడ్జ్ అని పేరు పెట్టి అమ్ముతున్న వంకర అంచు బల్లలు మీరు చూసే ఉంటారు. ఆ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఈయనదే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది పగుళ్ళ విషయం. పెద్ద పలకలో పగులు రావడం సహజం. వేరే వారైతే ఆ ముక్కను కోసి పారేస్తారు, లేదా లప్పం పెట్టి రంగు వేసి కప్పేస్తారు. నకషిమా పగులుకి అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఒక చిన్న చెక్కను చెక్కి, పలకలోకి దిగేలా బిగించేవారు. నడుము సన్నగా, రెండు చివరలా వెడల్పుగా ఉండే ఆ ముక్క రెండు వైపులనూ పట్టి ఉంచుతుంది. పగులు ఇంకా సాగకుండా ఆపుతుంది. పైగా దాన్ని వేరే రంగు కలపతో చేసేవారు కాబట్టి అందరికీ కనిపిస్తుంది. దాచలేదు, అలాగని వదిలేయనూ లేదు. పగులున్న చోటే బల్లకి బలం, అక్కడే అందం.

మన పిల్లల రిపోర్టు కార్డులు చూసేటప్పుడు నాకు ఇప్పుడు ఆ సీతాకోకచిలుక ముక్క గుర్తొస్తోంది. తక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టును బంధువుల ముందు దాచడం మనకు తెలుసు. దాన్ని చూపించి పిల్లవాడిని పదిమందిలో చిన్నబుచ్చడమూ తెలుసు. రెండు వైపులా పట్టి నిలబెట్టే మూడో పద్ధతి మనం ఇంకా నేర్చుకోవాలి. ఇది మీకు మాత్రమే కాదు, టీచర్లమైన మాకు కూడా.

రెండు కాళ్ళ కుర్చీ

చెట్టుని ప్రేమించాడు కదా అని ఆయనను పాతకాలపు మనిషి అనుకోకండి. ఇంజనీరింగ్ ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. తన స్థలంలోనే పలుచని కాంక్రీట్ పెంకు కప్పుతో, మధ్యలో స్తంభాలు లేకుండా ఒక స్టూడియో కట్టుకున్నారు. ఆ వంపు ఆకారానికి గణితంలో కొనాయిడ్ అని పేరు. అందుకే దాన్ని కొనాయిడ్ స్టూడియో అన్నారు. అక్కడ పుట్టిన కొనాయిడ్ కుర్చీ ఆయన చేసిన వాటిలో బాగా పేరు పొందింది.

ఆ కుర్చీకి నాలుగు కాళ్ళుండవు. రెండే. అడుగున నేల మీద ముందుకు సాగే రెండు పట్టీలు, వాటి వెనక చివర నుంచి లేచే రెండు కాళ్ళు, ఆ కాళ్ళ నుంచి ముందుకు గాల్లో నిలిచే సీటు. చూసినవారు ఇది విరుగుతుందని అనుకున్నారు. ఎక్కడ ఎంత బరువు పడుతుందో, ఏ అతుకు ఎంత మోస్తుందో ఆయనకు తెలుసు. అరవై ఏళ్ళు దాటినా ఆ కుర్చీలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఫిజిక్స్, జ్యామెట్రీ ఎందుకు పనికొస్తాయని మీ పిల్లలు అడిగితే ఈ కుర్చీ ఫొటో చూపించండి.

మళ్ళీ ఇండియాకి, ఆపై ప్రపంచానికి

1952లోనే అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ ఆయన పనితనానికి బంగారు పతకం ఇచ్చింది. 1964లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆహ్వానం మీద ఇండియా వచ్చారు. అక్కడి వర్క్‌షాప్‌లో మన వడ్రంగులతో కలిసి తయారు చేయించేలా ఫర్నిచర్ డిజైన్లు చేసిచ్చారు. మీ పిల్లల్లో ఎవరికైనా డిజైన్ మీద ఆసక్తి ఉంటే ఈ సంస్థ పేరు గుర్తుంచుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఎన్ఐడీ ఉంది.

1970ల మొదట్లో న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ తన కొత్త ఇంటి కోసం రెండు వందలకు పైగా వస్తువులు చేయించుకున్నారు. ఆ ఇంటిని డిజైన్ చేసింది ఎవరో తెలుసా? టోక్యో ఆఫీసులో కలిసి పనిచేసిన ఆ జున్‌జో యోషిమురానే. 1983లో జపాన్ చక్రవర్తి నుంచి గౌరవ పురస్కారం అందింది. ఆయన చనిపోయాక, 2006లో, రెడ్‌వుడ్ చెక్కతో చేసిన ఆయన బల్ల ఒకటి వేలంలో ఎనిమిది లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఈ అంకె చూసి సంతోషించే ముందు ఒక మాట. డేరాలో కాపురం ఉన్నప్పుడు ఈ అంకె ఆయన కళ్ళ ముందు లేదు. మేత వేసిన కోళ్ళు మాత్రమే ఉన్నాయి.

కాలిపోయిన ఇల్లు, చివరి కల

1989లో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో ఒక దంపతుల ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఏళ్ళ తరబడి నకషిమా దగ్గర చేయించుకున్న వంద పైచిలుకు వస్తువులు బూడిదయ్యాయి. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. అన్నీ మళ్ళీ చేసిస్తానని ఒప్పుకున్నారు. పని మొదలైంది. ఆయన జీవితంలో పూర్తి కానిదాన్ని కూతురు మీరా పూర్తి చేశారు.

మరో కల కూడా ఉండేది. 1980లలో ఒక బ్రహ్మాండమైన వాల్‌నట్ దుంగ ఆయన చేతికొచ్చింది. దాన్ని కోసి, రెండు పెద్ద పలకలను పక్కపక్కనే చేర్చి, మధ్య పగులును సీతాకోకచిలుక ముక్కలతో బిగించి శాంతి పీఠం చేశారు. 1986 చివరి రోజున న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ చర్చిలో దాన్ని ప్రతిష్ఠించారు. ప్రతి ఖండంలో ఇలాంటిది ఒకటి ఉండాలని ఆయన ఆశ. పుట్టిన దేశమే శత్రువుగా చూసి కంచె లోపల పెట్టిన మనిషి, ముసలితనంలో శాంతి కోసం బల్ల చేస్తూ కూర్చున్నాడంటే మనం ఆగి ఆలోచించాలి.

1990 జూన్ 15న ఆయన కన్నుమూశారు. ఆయన తర్వాత ఆసియా కోసం చేసిన శాంతి బల్ల ఎక్కడికి చేరిందో తెలుసా? పాండిచ్చేరి పక్కనే ఉన్న ఆరోవిల్‌కి. సుందరానంద అనే పేరు పొందిన చోటికే ఆయన పని తిరిగొచ్చింది. క్యాంపులో పసిపాపగా ఉన్న మీరా హార్వర్డ్‌లో, ఆ తర్వాత జపాన్‌లో ఆర్కిటెక్చర్ చదివి, తండ్రి దగ్గరే పని నేర్చుకుని, ఆ వర్క్‌షాప్‌ను ముందుకు నడిపించారు. న్యూ హోప్‌లోని ఆ స్థలాన్ని 2014లో అమెరికా జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

ఆ తండ్రిగారికి

కుర్చీలు గీసే అబ్బాయి నాన్నగారూ, మీరు ఇది చదువుతున్నారనే అనుకుంటున్నాను. మీ అబ్బాయిని వడ్రంగం నేర్పించమని నేను చెప్పడం లేదు. చదువు మానేయమని అసలే చెప్పడం లేదు. నకషిమా చదువు మొత్తం పూర్తి చేశాకే ఉలి పట్టారు. ఆ చదువు ఆ కుర్చీలోకి వెళ్ళింది, ఎక్కడికీ పోలేదు. ఇంకొకటి కూడా నిజం. ఆయనకు దక్కిన గౌరవం మీ నాన్నగారి లాంటి వేలమంది పనివారికి మన దగ్గర దక్కలేదు. మీ భయం అక్కడి నుంచి వచ్చిందని నాకు తెలుసు. ఆ లోటు ఉలిది కాదు, ఉలి పట్టిన చేతికి కుర్చీ వేయని మనది.

ఒక్క పని చేయండి. మీ నాన్నగారి చేతిపని ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే, పీట కావచ్చు, తలుపు కావచ్చు, అబ్బాయికి చూపించండి. అతుకు ఎక్కడుందో వెతకమనండి. కొలతలు తీసి గీయమనండి. ఈసారి రఫ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో వద్దు, మంచి డ్రాయింగ్ పుస్తకంలో గీయమనండి. వచ్చే మీటింగ్‌కి దాన్ని తీసుకురండి. ఈసారి నేను మాట మార్చను.

మిగతా తల్లిదండ్రులకు కూడా ఇదే ఈ నెల ఇంటి పని. మీ ఇంట్లో అన్నిటికన్నా పాత చెక్క సామాను ఏదో పిల్లలతో కలిసి వెతకండి. ఏ చెట్టు చెక్క, ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎక్కడ పగిలింది, ఎలా బాగు చేశారు, పెద్దవాళ్ళను అడిగి ఒక పేజీ రాయించండి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. క్లాస్ టీచర్‌కి ఇస్తే తరగతి గోడ మీద పెడతాం.

సెలవు. వచ్చే నెల మరో జీవితంతో కలుద్దాం.